సగం కొండ దాకా

హలో… ఆ, నేనేనే, అక్కని. వినబడుతోందా?

…

ఇక్కడ సిగ్నల్ కిటికీ దగ్గరే వస్తుంది. సగం బయటికి వేలాడుతూ మాట్లాడుతున్నా… పడనులే. ముప్పైరెండేళ్ళు కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టినదాన్ని, కిటికీలోంచి పడతానా.

…

ఎవరూ లేరు. మావాడు పక్క గదిలో పిల్లలిద్దరికీ స్నానాలు చేయిస్తున్నాడు. కోడలు కింద హోటలు కౌంటరు దగ్గర వేణ్ణీళ్ళ గొడవ పెట్టుకుంటోంది. ఓ పావుగంట నాది. అందుకే చేశా. నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను ఈ సంగతి.

…

"చెప్పానా" అనకు. చెప్పావు, ఒప్పుకుంటున్నా. కొండల్లో వారం రోజులు విశ్రాంతి అమ్మా అని వాడంటే, విశ్రాంతి వాళ్ళకి, పిల్లలు నీకు అని నువ్వన్నావు. నీ నాలుక మీద మచ్చ ఉందేమో చూసుకో.

…

మూడు రోజులూ అంతే. పొద్దున్నే ఐదున్నరకి ఇద్దరూ బూట్లు బిగించుకుని, వీపున సంచులు తగిలించుకుని, శిఖరం ఎక్కొస్తాం అని పోవడం. సాయంత్రం నాలుగున్నరకి రావడం. బీరువా తలుపు మీద కోడలు ఒక టైం టేబులు అంటించింది. ఎనిమిదింటికి పాలు, తొమ్మిదింటికి రంగులు వేసుకోవడం, పదకొండింటికి పండు… చివర్లో ఏం రాసిందో తెలుసా? "అత్తయ్య విశ్రాంతి, ఒకటిన్నర నుంచి రెండు." అరగంట. డిపోలో కూడా ఇంతకంటే ఎక్కువ ఇచ్చేవాళ్ళు.

…

ఏం రంగులే తల్లీ. చిన్నాడికి నాలుగేళ్ళు. మొదటి రోజు ఒక బూటు బాల్కనీలోంచి కింది రేకుల మీదకి విసిరాడు. దాన్ని తీయడానికి రెండో బూటు కూడా విసిరాడు, దాన్ని తోస్తుందట. రెండో రోజు వాన. గదిలోనే ఉన్నాం పొద్దస్తమానం. కుర్చీలన్నీ వరసగా వేసి బస్సాట ఆడాం. పెద్దది కండక్టరు, చిన్నాడు డ్రైవరు, నేను ప్రయాణికులు.

…

ప్రయాణికులు అనే అన్నా. నలభైమందినీ నేనే. ఒకడు చిల్లర లేదనాలి, ఒకావిడకి వాంతి రావాలి, ఒకడు దిగాల్సిన స్టాపు దాటిపోయిందని అరవాలి. గొంతు పోయింది.

…

అడిగానే. నిన్న రాత్రి భోజనాల దగ్గర అడిగా. రేపు నేనూ వస్తాను, ఒక్కరోజు పిల్లల్ని మీలో ఒకరు చూసుకోండి అని. వాడు నవ్వాడు. "అమ్మా, అదేం మెట్లనుకున్నావా, నీ మోకాళ్ళకి అయ్యే పని కాదు" అన్నాడు. కోడలు కంచంలోకి చూస్తూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. కాపలాకి తెచ్చుకున్నవాళ్ళు కాపలాకి తెచ్చుకున్నాం అని చెప్పొచ్చుగా. మధ్యలో నా మోకాళ్ళనెందుకు అనడం.

…

ఏం చేస్తాను, నేను మాత్రం ఊరుకుంటానా. ఇవాళ వాళ్ళు అలా వెళ్ళగానే, నేను ఇలా గుడ్లు ఉడకబెట్టించా. ద్రాక్షపళ్ళు, నీళ్ళు, స్వెట్టర్లు అన్నీ సంచిలో పెట్టా. కౌంటరులో ఆవిడకి ఎక్కడికెళ్తున్నామో చెప్పి, కాగితం మీద కూడా రాసిచ్చా. తొమ్మిదింటికి కొండ సగం దాకా గ్యాసు సిలిండర్లూ కూరగాయలూ వేసుకుని ఒక జీపు పోతుంది. పిల్లలిద్దర్నీ చెరో చేత పట్టుకుని దాని ముందుకెళ్ళి నిలబడ్డా.

…

కుదరదన్నాడు ముందు. మనుషుల్ని ఎక్కించుకోకూడదట. నేను బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రాలు చూసి, "బాబూ, లోడంతా వెనకే వేశావు, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు నేలకి ఆనవు, ముందు సీట్లో బరువుండాలి" అన్నా. నన్ను ఎగాదిగా చూశాడు. "ఎక్కడ చేశారు మీరు?" అన్నాడు. చెప్పా. ఇంక దారి పొడుగునా వాడి క్లచ్చు కష్టాలు వాడు చెప్పుకోవడం, నేను ఊఁ కొట్టడం.

…

చెప్తున్నా కదా, అసలు కథ అక్కడే ఉంది. సగం కొండ మీద ఒక కొట్టు. ముందు నాలుగు బల్లలు, పక్కన అద్దాల వరండా. ఒకావిడ నడుపుతుంది, నా వయసే ఉంటుంది. టీ, గుడ్లు, సూపు. జీపు ఆగింది. చిన్నాడు దిగీ దిగగానే అక్కడ ఓ కుక్కపిల్ల కనిపిస్తే దాని వెంట పడ్డాడు. డ్రైవరు చూస్తున్నాడు వాణ్ణి. నేనూ పెద్దదీ టీ చెప్పడానికి మెట్లెక్కాం. ఎక్కితే… మెట్ల మీద రెండు జతల బూట్లు.

…

ఆ. అవే.

…

నేను గుర్తుపట్టకముందే పెద్దది పట్టేసింది. "నానమ్మా, ఇవి అమ్మవి" అంది. ఎర్ర లేసులు. అవి కొన్నప్పుడు నేను పక్కనే ఉన్నా. దారిలో ఏమైనా అయిందేమో, ఎవరికైనా కాలు బెణికిందేమో అనుకున్నా. కొట్టావిడ నా మొహం చూసి, "ఆ జంటా? ఏం కంగారు లేదమ్మా, రోజూ వస్తారు" అంది.

…

రోజూ. మూడు రోజులూనట. ఏడింటికల్లా వస్తారు, చెరో ఆమ్లెట్టు తింటారు, వరండాలో పడక కుర్చీలు రెండు దగ్గరికి లాక్కుని మధ్యాహ్నం మూడింటిదాకా నిద్ర. ఆవిడ ఒక మాట అడిగిందట, పైకి వెళ్ళరా అని. వెళ్తాం వెళ్తాం అన్నారట. వెళ్ళలేదు. పోయే ముందు కొళాయి దగ్గర మట్టి తీసుకుని బూట్లకి పూసుకుంటారట.

…

నవ్వు, బాగా నవ్వు. ఇంకా ఉంది. మొదటి రోజు వాడు ఫోన్లో శిఖరం ఫోటో చూపించాడు నాకు. మంచు, మేఘాలు, మధ్యలో తెల్లగా మెరుస్తూ ఒకటి. ఏంట్రా అది అంటే సూర్యుడమ్మా అన్నాడు. ఆ ఫోటో ఆ కొట్టులో గోడకి వేలాడుతోంది. చట్రం కట్టి, అద్దం బిగించి. సూర్యుడు కాదే, ఆ అద్దంలో పడ్డ వీడి ఫోను లైటు.

…

కోపం రాకేం. అరిచేద్దామనే వరండా తలుపు దాకా వెళ్ళా. నా మోకాళ్ళ మీద జోకులేసి, నాకు అరగంట విశ్రాంతి రాసిచ్చి, వీళ్ళిక్కడ ఎనిమిదేసి గంటలు… ఏమనాలో కూడా మాటలు కూర్చుకున్నా. తలుపు తోయబోతూ అద్దంలోంచి చూశా.

…

ఏముంది, నిద్రపోతున్నారు. వాడి గుండె మీద పుస్తకం బోర్లా పడుంది, నోరు తెరుచుకుని ఉన్నాడు. చిన్నప్పుడు కూడా అలాగే పడుకునేవాడు, నీకు తెలుసుగా. కోడలి కాళ్ళు వాడి ఒళ్ళో ఉన్నాయి. మేజోళ్ళు కూడా విప్పలేదు… అది కాదే నన్ను ఆపింది. దాని చెయ్యి.

…

కుర్చీ చేతిని జోకొడుతోంది. నిద్రలోనే. మెల్లగా, ఆగి ఆగి, పక్కన చిన్నాడు పడుకున్నట్టు. ఆస్పత్రిలో పిల్లల వార్డులో నైట్ డ్యూటీ చేసి వస్తుందా, ఇంటికొస్తే చిన్నాడు. ఎన్నాళ్ళయిందో అది ఒళ్ళు తెలీకుండా పడుకుని. పడుకున్నా చెయ్యి మాత్రం డ్యూటీ దిగలేదు.

…

ఊఁ.

…

తలుపు తీయలేదు. వెనక్కొచ్చా. పెద్దది, ఏడేళ్ళది కదా, అన్నీ కావాలి దానికి. "వాళ్ళు ఎక్కలేకపోయారా నానమ్మా?" అంది గుసగుసగా. లేదమ్మా, అలిసిపోయారు అన్నా. "ఎక్కకుండానే?" అంది. అమ్మ నిద్ర లేస్తే మళ్ళీ నిద్ర పట్టదు, మనం చప్పుడు చేయకుండా వెనక దారిన పోదాం అన్నా. ఒప్పుకుంది. ఊరికే ఒప్పుకోలేదులే. ఇంటికెళ్ళాక నా విజిలు దానికివ్వాలి. అసలుది, డిపోది.

…

అదేం మెత్తబడటం కాదే. నీకొకటి చెప్పాలి. కోప్పడనంటేనే చెప్తా.

…

కోప్పడను అను ముందు.

…

మావాడికి రెండేళ్ళప్పుడు, నువ్వు మా ఇంట్లో ఉండి టైపు నేర్చుకునేదానివి గుర్తుందా? సాయంత్రం క్లాసు. నేను నాలుగింటికి రావాల్సింది, ఐదున్నరకి వచ్చి, బస్సు చెడిపోయిందే, దార్లో నిలబడిపోయాం అనేదాన్ని. వారానికి ఒకసారైనా.

…

చెడిపోలేదు.

…

ఒక్కసారి కూడా చెడిపోలేదు. డ్యూటీ దిగి, డిపోలో వెనక ఆపిన బస్సు ఎక్కి, ఆఖరి సీట్లో కాళ్ళు చాపి పడుకునేదాన్ని. గంటన్నర. అంతే. ఎవరూ అమ్మా అనకుండా, ఎవరూ టికెట్ అనకుండా గంటన్నర. లేచి, చేతికి కాస్త నూనె మసి పూసుకుని ఇంటికొచ్చేదాన్ని. బూట్లకి మట్టి పూసుకునే బుద్ధి వాడికి ఎక్కణ్ణుంచొచ్చిందో నేను వేరే వెతుక్కోనక్కర్లేదు. నీ క్లాసులు ఎన్నో పోయాయి. పరీక్ష కూడా… తప్పే. అప్పుడే చెప్పాల్సింది.

…

హలో. ఉన్నావా?

…

ఏడుస్తున్నావా? లేక…

…

నవ్వుతున్నావా. ఏంటే, ఏముంది అందులో అంత నవ్వడానికి?

…

ఏంటీ?

…

పక్కింటి టీచరమ్మకి అప్పగించి పోయేదానివా? వాణ్ణా? రోజూనా?

…

మరి పరీక్ష అందుకు కాదా పోయింది… సినిమాకా. క్లాసు మానేసి సినిమాకి. నేను ముప్పై ఏళ్ళుగా నీ టైపు పరీక్ష పోగొట్టానని లోపల కుమిలిపోతుంటే, నువ్వు… ఎవరితో?

…

మా మరిదిగారితోనా. పెళ్ళికి ముందే? పెళ్ళిచూపుల్లో తలొంచుకుని కూర్చున్నారు కదే ఆయన, ఒక్కసారి కూడా నీవైపు చూడలేదని మన నాన్న ఎంత మెచ్చుకున్నాడు.

…

సరే, ఆయనకి ఇవ్వకు ఫోను. సిగ్గుపడతారు. ఇంతకీ వాడు ఏం పెట్టినా తినేవాడు కాదు ఆ రోజుల్లో, ఎందుకా అనుకునేదాన్ని. టీచరమ్మ ఇంట్లో తినేసి వచ్చేవాడన్నమాట.

…

చెప్తున్నా. ఎక్కాం. ఆ కొట్టు దగ్గర్నుంచి గంటన్నర. రాళ్ళ దారే గానీ పక్కన చేతికి కమ్మీ ఉంది, బడి పిల్లలు కూడా వరసగా పోతున్నారు. చిన్నాణ్ణి నడిపించడం ఎలాగా అని… మళ్ళీ బస్సే. ప్రతి మలుపూ ఒక స్టాపు, స్టాపుకి రెండు ద్రాక్షపళ్ళు. వాడు ముందు స్టీరింగు తిప్పుకుంటూ, పెద్దది వెనకనుంచి రైట్ రైట్ అనుకుంటూ.

…

మోకాళ్ళా… అబద్ధమెందుకు, తొమ్మిదో స్టాపు దగ్గర కూర్చుండిపోయా. ఇంక కాదు అనుకున్నా. వాడన్నది నిజమే, దిగిపోదాం అనుకున్నా. నీళ్ళు తాగుతున్నా, కళ్ళల్లోంచి కూడా వస్తున్నాయి. పెద్దది దగ్గరకొచ్చి నా మొహంలోకి చూసి, "నానమ్మా, బస్సు చెడిపోయిందా?" అంది.

…

ఆ. సరిగ్గా ఆ మాటే. ఎవరో వెనకనుంచి చరిచినట్టయింది. లేదమ్మా, చెడిపోలేదు అని లేచా. ఈసారైనా నిజం చెప్దామని.

…

పైనా? ముందు ఏమీ అనిపించలేదు, ఊపిరి తీసుకోడంతోనే సరిపోయింది. కూర్చోడానికి నీలం రంగేసిన ఒక ఇనప బల్ల ఉంది. పక్కన కంబానికి ఓ గంట కట్టారు, ఎక్కినవాళ్ళు కొట్టడానికి. చిన్నాడు కొట్టాడు చూడు, బడి పిల్లలందరూ చెవులు మూసుకున్నారు. కాసేపటికి మబ్బు కొంచెం పక్కకి జరిగింది. కింద రోడ్డు, దారప్పోగులా. దాని మీద ఒక బస్సు. అగ్గిపెట్టెంత.

…

ఏం లేదే… అంత నెమ్మదిగా వెళ్తోంది. లోపల ఉన్నప్పుడు ఎంత హడావుడి, జరగండి, దిగండి, ఎక్కండి, టైమైపోతోంది. పైనుంచి చూస్తే అసలు కదులుతోందా అన్నట్టుంది. అందులో కూడా ఎవరో ఒకావిడ నిలబడి ఉంటుంది కదా, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని. ఆవిడకి కనపడదు గానీ, నేను చెయ్యి ఊపా.

…

ఊఁ, ఊపా. పిల్లలు కూడా ఊపారు.

…

దిగేటప్పుడు మళ్ళీ ఆ జీపే. ఖాళీ సిలిండర్లతో. వాళ్ళింకా పడుకునే ఉన్నారు. కొట్టావిడకి చెప్పొచ్చా, మేము వచ్చినట్టు అనొద్దు, సూపు మాత్రం కొంచెం ఎక్కువ పొయ్యి అని. రెండున్నరకల్లా గదిలో ఉన్నాం. బూట్లు కడిగేశాం. టైం టేబులు ప్రకారం రంగులు తీసి నేల మీద పరిచేశాం. పచ్చరంగు పెన్సిలు కొంచెం చెక్కి పొట్టు కూడా పడేశా, నమ్మకంగా ఉంటుందని.

…

నాలుగున్నరకి వచ్చారు. ఇప్పుడు అదీ తమాషా. వాడు కుర్చీలో కూలబడి, "ఈరోజు కష్టమైందమ్మా, పైన ఒకటే పొగమంచు, ఏమీ కనపడలేదు" అన్నాడు. అయ్యో పాపం అన్నా. "పైన కూర్చోడానికేమైనా ఉంటుందా నాయనా?" అనడిగా. "ఏం లేదమ్మా, ఒట్టి బండలు" అన్నాడు. పెద్దదానికి పాలు ముక్కులోకి పోయాయి.

…

చిన్నాడా? వాడు ఊరుకుంటాడా. "నేను పైన గంట కొట్టా" అన్నాడు. నాకు పై ప్రాణం పైనే పోయింది. వాడి నాన్న, "బస్సులో గంటా నాన్నా? ఏ ఊరు పోయింది మీ బస్సు?" అన్నాడు. బస్సాట అనుకున్నాడన్నమాట. ఈ పెద్దది వెంటనే అందుకుంది, "ఆఁ, టాపు మీద సీటు నాన్నా" అని. ఇది చాలా దూరం పోయే పిల్ల.

…

కోడలు నవ్వలేదు. అదే చూస్తున్నా. చిన్నాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ముక్కు ఎండకి కమిలింది కదా వాడికి. తర్వాత నా ముక్కు చూసింది. వేణ్ణీళ్ళు రావట్లేదని కిందికెళ్ళింది.

…

తెలిసిపోయుంటుందా? ఏమో. తెలిస్తే తెలియనీ. నేను మాత్రం…

…

ఉండు. తలుపు కొడుతున్నారు. పెట్టకు—

రా అమ్మాయ్. తీసే ఉంది. మీ చిన్నత్తయ్యతో మాట్లాడుతున్నా… ఏంటలా నిలబడ్డావు, వేణ్ణీళ్ళు వచ్చాయా?

…

రేపా? రేపేంటి?

…

నేను వాడితో వెళ్ళాలా, నువ్వు పిల్లల దగ్గరుంటావా. బాగుంది. అదేం వద్దు. పిల్లల్ని కింద తోటలో ఉయ్యాలల దగ్గర పొద్దుటిపూట చూసే ఆవిడ ఉందట, కౌంటరులో కనుక్కున్నా. మధ్యాహ్నం దాకా ఆవిడ చూస్తుంది. నువ్వు పడుకో.

…

ఎక్కడేంటి. ఇక్కడే, ఈ మంచం మీదే. పడుకోడానికి రోజూ అంత దూరం నడవడం దేనికి.

…

…

కూర్చో. కూర్చోమంటున్నా కదా.

…

పెద్దది ఏం చెప్పలేదు. నేనే చూశా.

…

లేపుతానా ఎక్కడైనా. కుర్చీ చేతిని జోకొడుతున్నావు, అది కూడా నిద్రపోయి ఉంటుంది పాపం.

…

సరే, సరే. కళ్ళు తుడుచుకో. నాక్కూడా వయసులో ఓ బస్సుండేది, తర్వాత చెప్తాలే… ముందు ఇది విను. వాడికి చెప్పకు. నాకు తెలుసని వాడికి తెలియకూడదు. రేపు వాణ్ణి నాతో పైదాకా తీసుకెళ్తున్నా.

…

నా మోకాళ్ళకేం, మూడుసార్లు ఎక్కిన కొడుకున్నాడు పక్కన. దారంతా వాడే చూపిస్తాడు. పైన బండల మీద కూర్చోబెడతాడు.

…

నవ్వకు. గోడ పల్చన, వాడికి వినబడుతుంది.

…

హలో. విన్నావా అంతా?… నువ్వు కూడా నవ్వకు. పెట్టేస్తున్నా. వాడు స్నానాలు ముగించినట్టున్నాడు, వెళ్ళి చెప్పాలి, రేపు ఐదున్నరకల్లా బూట్లేసుకుని సిద్ధంగా ఉండమని.